గ్రీన్‌హౌస్ పక్కనే గడ్డకట్టే గది: మొక్కల పరిశోధన కేంద్రాన్ని ‘గ్రీన్’గా కట్టడం ఎందుకంత కష్టం?

మొక్కల మీద పరిశోధన చేసే కేంద్రం అనగానే అది పర్యావరణానికి మేలు చేసే కట్టడమే అయి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. చుట్టూ తోట, లోపల పచ్చదనం, పైన గాజు గోపురం. ఫొటోలో అంతకన్నా ‘గ్రీన్’గా కనిపించే భవనం ఇంకోటి ఉండదు. కరెంటు బిల్లు చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. అంతే విస్తీర్ణమున్న ఆఫీసుతో పోలిస్తే ఇలాంటి కేంద్రం కరెంటు ఎన్నో రెట్లు ఎక్కువ తింటుంది, నీళ్లూ ఎక్కువే తాగుతుంది.

విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు కొత్త భవనాలకు ‘నెట్ జీరో’ (ఏడాదిలో వాడినంత కరెంటు తనే తయారు చేసుకునే భవనం) అనో, ‘ప్లాటినం రేటింగ్’ (గ్రీన్ భవనాలకిచ్చే అత్యున్నత గుర్తింపు) అనో ప్రకటించుకోవడం ఇప్పుడు మామూలైంది. ఆ మాటల్లో బలమెంతో తేల్చుకోవాలంటే భవనం బయటి రూపాన్ని పక్కన పెట్టి, లోపల వేడి, తేమ, గాలి, నీళ్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చూడాలి.

క్లుప్తంగా

మొక్కల పరిశోధన కేంద్రంలో ఒకదానికొకటి పొసగని వాతావరణాలు పక్కపక్కనే నడవాలి. అందుకే సోలార్ పలకలు ఎన్ని పెట్టారన్నదాని కన్నా ఏ గదిని ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం. అమెరికాలోని పిట్స్‌బర్గ్, సింగపూర్, లండన్ నగరాల్లో విజయవంతమైన నమూనాలు ఉన్నాయి కానీ అవి అక్కడి నేలకూ అక్కడి గాలికీ కుదిరినవి. వాటిలో కొన్ని హైదరాబాద్‌లో సగమే పనిచేస్తాయి, విశాఖలో అసలు పనిచేయవు. దక్కన్‌లో వేడిని పట్టి ఉంచడం సమస్య కాదు, వేడినీ తేమనూ బయటికి పంపడమే సమస్య.

ఒకే కప్పు కింద నాలుగు వాతావరణాలు

గ్రీన్‌హౌస్‌కు వెలుతురు కావాలి, తేమ కావాలి. ఎండిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియానికి ఆ రెండూ పనికిరావు. విత్తనాలు దాచే గదిలో సున్నాకు 18 డిగ్రీల దిగువన చలి ఉండాలి. ల్యాబ్‌లోకి గంట గంటకూ కొత్త గాలి రావాలి. పోనీ ఈ నాలుగింటినీ నాలుగు చోట్ల కడదామంటే కుదరదు, వాడేది ఒకే బృందం. పొద్దున గ్రీన్‌హౌస్‌లో తెంపిన ఆకు నుంచి మధ్యాహ్నం ల్యాబ్‌లో డీఎన్‌ఏ తీస్తారు, సాయంత్రం హెర్బేరియంలోని పాత నమూనాతో పోల్చి చూస్తారు.

వీటిలో హెర్బేరియం మీద బయటివారి దృష్టి పెద్దగా పడదు. అక్కడి ఒక షీటును చేతిలోకి తీసుకుంటే భవనానికి ఏం కావాలో అర్థమవుతుంది. దాదాపు ఏ3 సైజు మందపాటి కాగితం, దాని మీద న్యూస్‌పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టిన కొమ్మ. దాన్ని దారంతో కుట్టి గానీ జిగురుతో అంటించి గానీ ఉంచుతారు. కింది మూలన ఒక లేబుల్: ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరు సేకరించారు. శేషాచలం కొండల్లో తీసిన ఎర్రచందనం కొమ్మ అయినా, నల్లమలలో తీసిన గడ్డి అయినా పద్ధతి ఇదే. దీనికి ప్రధాన శత్రువు పొగాకు గోదాముల్ని పాడుచేసే చిన్న గోధుమరంగు పురుగు, సిగరెట్ బీటిల్. గది వెచ్చగా, తేమగా ఉంటే ఇది పెరిగి పువ్వుల్నీ ఆకుల్నీ తొలిచి పిండి చేస్తుంది. అందుకే కొత్త నమూనాలను ముందు కొన్ని రోజులు గడ్డకట్టే చలిలో ఉంచి, ఆ తర్వాతే లోపలికి తెస్తారు. గదిని 20 డిగ్రీల దరిదాపుల్లో, గాలిలో తేమను 50 శాతం లోపల ఉంచాలని చూస్తారు.

నిజానికి హెర్బేరియం ఖర్చు తక్కువ గదే, సరైన చోట పెడితే. కిటికీలు అక్కర్లేదు, మనుషుల రాకపోకలు తక్కువ, లోపల వేడి పుట్టించే యంత్రాలు లేవు. భవనం నడిమధ్యలోనో, నేల కిందో, ఉత్తరం వైపో పెడితే చిన్న ఏసీ, తేమ లాగే చిన్న యంత్రం సరిపోతాయి. అదే గదిని పై అంతస్తులో, ఎండకు కాగే స్లాబ్ కింద, పడమటి గోడ పక్కన పెడితే ఏసీ ఏడాది పొడవునా ఆగకుండా తిరగాల్సిందే. రెండింటికీ సిమెంటు ఒకటే, ఇటుక ఒకటే. తేడా అంతా డ్రాయింగ్‌లోనే వచ్చింది.

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ బొటానిక్ గార్డెన్‌లో 2011లో ప్రారంభమైన సెయిన్స్‌బరీ ల్యాబొరేటరీ ఇలా గదుల అమరికతో మొదలైన భవనానికి మంచి ఉదాహరణ. స్టాంటన్ విలియమ్స్ సంస్థ రూపొందించిన ఈ భవనానికి 2012లో బ్రిటన్ భవన నిర్మాణ పురస్కారం స్టిర్లింగ్ ప్రైజ్ వచ్చింది. తోటలోంచి చూస్తే కనిపించేది రెండు అంతస్తులే, ఇంకొక అంతస్తు నేల కింద ఉంది. పది లక్షలకు పైగా నమూనాలున్న విశ్వవిద్యాలయ హెర్బేరియం ఇందులోనే ఉంది. బీగిల్ ఓడ ప్రయాణంలో డార్విన్ సేకరించిన మొక్కలూ అందులో ఉన్నాయి. ఇంతకు చాలా ముందే, 1987లో, లండన్ క్యూ గార్డెన్స్‌లో తెరిచిన ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ కన్సర్వేటరీ ఒకే గాజు కప్పు కింద 10 వాతావరణ మండలాలను కంప్యూటర్‌తో నడిపి చూపించింది. ఎడారి మొక్కలూ వానాడవి మొక్కలూ అక్కడ గోడ పక్క గోడలో ఉంటాయి.

పిట్స్‌బర్గ్‌లో ఏం చేశారు

ఈ రంగంలో తరచూ వినిపించే పేరు ఫిప్స్ కన్సర్వేటరీ. ఉక్కు పరిశ్రమతో సంపన్నుడైన హెన్రీ ఫిప్స్ 1893లో పిట్స్‌బర్గ్ నగరానికి ఇచ్చిన గాజు తోట అది. శతాబ్దం దాటాక ఆ సంస్థ పక్కనే కొత్త నిర్మాణాలు మొదలుపెట్టింది. 2006లో తెరిచిన ఉష్ణమండల మొక్కల గ్రీన్‌హౌస్‌లో కప్పు దాదాపు సగం తెరుచుకుంటుంది. నేలలో పాతిన పొడవాటి గొట్టాల గుండా బయటి గాలి చల్లబడి లోపలికి వస్తుంది.

2012లో తెరిచిన సెంటర్ ఫర్ సస్టెయినబుల్ ల్యాండ్‌స్కేప్స్ అసలు చర్చంతటికీ కారణమైంది. విస్తీర్ణం 24,350 చదరపు అడుగులు. ఒకప్పుడు నగర పనుల విభాగం యార్డుగా వాడి పాడుబెట్టిన స్థలంలో దీన్ని కట్టారు. పరిశోధన, బోధన, కార్యాలయం అన్నీ ఇందులోనే. 500 అడుగులకు పైగా లోతున్న 14 బోర్లు నేలతో వేడిని ఇచ్చిపుచ్చుకుంటాయి. 125 కిలోవాట్ల సోలార్, నిలువు అక్షం మీద తిరిగే చిన్న గాలిమర, మొక్కలు పెంచిన కప్పు, మురుగునీటిని శుద్ధి చేసే చిత్తడి మడుగులు, ఇసుక వడపోత, వాననీటి కొలను కూడా ఉన్నాయి. పాత కొట్టాల నుంచి తీసిన చెక్కను బయటి గోడలకు వాడారు. నడుమ ఉన్న ఎత్తయిన హాలుకు ఏసీ లేదు. ఏడాది మొత్తం మీద ఎంత కరెంటు వాడుతుందో అంత తనే తయారు చేసుకుంటుంది.

ఈ చివరి వాక్యంలో ‘ఏడాది మొత్తం మీద’ అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. చలికాలం రాత్రి సోలార్ పనిచేయదు, అప్పుడు కరెంటు నగర గ్రిడ్ నుంచే వస్తుంది. వేసవి పగలు మిగిలినది గ్రిడ్‌కు పోతుంది. డిసెంబరు చివర్లో కూడితే లెక్క సున్నా. ఇందులో మోసమేమీ లేదు, కానీ నెట్ జీరో అంటే గ్రిడ్ అక్కర్లేని భవనం కాదు. ఇంకోమాట. ఈ భవనంలో ఎక్కువ భాగం ఆఫీసులు, తరగతి గదులు. రసాయనాల ల్యాబ్‌లూ గడ్డకట్టే గదులూ నిండిన కేంద్రానికి ఇదే ఫలితం వస్తుందని చెప్పడానికి ఈ ఉదాహరణ సరిపోదు.

నేల చల్లదనం అక్కడొకటి, ఇక్కడొకటి

నేలలోకి నాలుగైదు మీటర్లు దిగితే అక్కడి ఉష్ణోగ్రత వేసవిలోనూ చలికాలంలోనూ పెద్దగా మారదు. అది ఆ ఊరి ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. పిట్స్‌బర్గ్‌లో ఆ సగటు 11, 12 డిగ్రీలు. హైదరాబాద్‌లో 26, 27. ఈ ఒక్క తేడా వల్ల అక్కడి ఉపాయాల్లో సగం ఇక్కడ తలకిందులవుతాయి.

పిట్స్‌బర్గ్‌లో జులై మధ్యాహ్నపు గాలిని నేలలోని గొట్టాల గుండా లాగితే, బయటికి వచ్చేసరికి ఏసీ గాలికి దగ్గరగా ఉంటుంది. హైదరాబాద్‌లో మే నెల 40 డిగ్రీల గాలిని అలాగే లాగితే ఎంత పొడవు గొట్టం వేసినా 27 కంటే కిందికి దిగదు, ఆచరణలో 29, 30 దగ్గర ఆగుతుంది. గ్రీన్‌హౌస్‌కు అది చాలు. వరండాకు, చూడటానికి వచ్చిన జనం తిరిగే హాలుకు చాలు. 20 డిగ్రీలు కావలసిన హెర్బేరియానికి చాలదు, ఏసీ భారాన్ని కొంత తగ్గిస్తుంది, అంతే.

బోర్ల సంగతి ఇంకా చిక్కు. పిట్స్‌బర్గ్‌లో భవనం చలికాలంలో నేల నుంచి వేడి తోడుకుని, వేసవిలో తన వేడిని తిరిగి నేలలోకి పంపుతుంది. జమ, ఖర్చు దాదాపు సరిపోతాయి. హైదరాబాద్‌లో భవనాన్ని వెచ్చబెట్టాల్సిన రోజులు ఏడాదిలో లేనట్టే. నేలలోకి వేడి పోతూనే ఉంటుంది, తిరిగి తోడేవారు ఉండరు. ఏళ్లు గడిచేకొద్దీ బోర్ల చుట్టూ నేల వేడెక్కి, పంపుల సామర్థ్యం పడిపోతుంది. కూలింగ్ టవర్‌తో కలిపి వాడితే కొంతవరకు నెట్టుకురావచ్చు, కానీ అప్పుడు నీళ్ల ఖర్చు వచ్చి పడుతుంది. విదేశీ బ్రోషర్‌లో ఉందని ‘జియోథర్మల్’ను (నేలతో వేడి ఇచ్చిపుచ్చుకునే ఈ బోర్ల పద్ధతిని) ఇక్కడి ప్రాజెక్టు నివేదికలో (డీపీఆర్‌లో) యథాతథంగా రాసేస్తే జరిగేది ఇదే.

గాజు: వెలుతురు రావాలి, వేడి రాకూడదు

గాజు గ్రీన్‌హౌస్ పుట్టింది చలి దేశాల్లో, తక్కువ ఎండను జాగ్రత్తగా పట్టుకోవడానికి. లండన్‌లో డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఆకాశంలో 15 డిగ్రీల ఎత్తుకు మించడు. హైదరాబాద్‌లో అదే రోజు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. జూన్‌లో అయితే నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి కూడా జరుగుతాడు. అంటే ఇక్కడ ఎండ దెబ్బ గోడల మీద కన్నా కప్పు మీదే ఎక్కువ. గాజు కప్పు వేస్తే ఆ దెబ్బను నేరుగా లోపలికి ఆహ్వానించినట్టే.

భూమధ్యరేఖ పక్కనే ఉన్న సింగపూర్ అయినా 2012లో గార్డెన్స్ బై ద బేలో రెండు పెద్ద చల్లటి గాజు తోటలు తెరిచింది. విల్కిన్సన్ ఎయిర్ సంస్థ గీసిన ఫ్లవర్ డోమ్ విస్తీర్ణం 1.2 హెక్టార్లు, ఎత్తు 38 మీటర్లు. మధ్యధరా ప్రాంతపు మొక్కల కోసం లోపల 23 నుంచి 25 డిగ్రీలు ఉంచుతారు. వినగానే దుబారా అనిపిస్తుంది. అక్కడి ఇంజినీర్లు చేసింది మాత్రం గమనించదగ్గది. ఎంచుకున్న గాజు వెలుతురులో సుమారు 65 శాతాన్ని రానిచ్చి, వేడిలో 35 శాతాన్నే రానిస్తుంది. ఎండ మరీ ఎక్కువైతే తెరలు వాటంతటవే విచ్చుకుంటాయి. 38 మీటర్ల ఎత్తున్న గాలినంతా చల్లబరచరు. నేల స్లాబ్‌లో చల్లని నీటి గొట్టాలు వేసి, మొక్కలూ మనుషులూ ఉండే కింది పొరనే చల్లగా ఉంచుతారు. వేడి గాలి పైకి తేలి అక్కడి నుంచి బయటికి పోతుంది. గాలిలోని తేమను తీయడానికి దాన్ని తేమ పీల్చే ద్రావణం మీదుగా పంపుతారు. ఆ ద్రావణాన్ని మళ్లీ ఆరబెట్టడానికి నగర పార్కుల్లో కత్తిరించిన కొమ్మలు కాల్చగా వచ్చే వేడిని వాడతారు. మామూలు పద్ధతితో పోలిస్తే కనీసం 30 శాతం శక్తి ఆదా అవుతుందన్నది నిర్వాహకుల లెక్క. అయితే ఆ పోలిక కూడా ఏసీ గాజు గోపురంతోనే. గోపురమే లేని తోటతో కాదు. ఈ తేడాను వార్తలు సాధారణంగా వదిలేస్తాయి.

క్యూ గార్డెన్స్‌లో 2006లో తెరిచిన డేవీస్ ఆల్పైన్ హౌస్ చేసిన పని మరో రకం. కొండ శిఖరాల మొక్కలకు చల్లగాలి వీస్తూ ఉండాలి. 10 మీటర్ల ఎత్తున్న ఆ గాజు కమాను కింద కాంక్రీటు గదుల చిట్టడవి ఒకటుంది. రాత్రి చల్లగాలి ఆ కాంక్రీటును చల్లబరుస్తుంది, పగలు దాని మీదుగా వచ్చిన గాలి మొక్కలకు తగులుతుంది. చెదపుట్టలో గాలి తిరిగే తీరు దీనికి ప్రేరణ. మరి హైదరాబాద్‌లో? జనవరి రాత్రి 15 డిగ్రీలున్నప్పుడు చక్కగా పనిచేస్తుంది. చల్లదనం నిజంగా కావలసిన మే నెలలో రాత్రి 27 దగ్గర ఆగిపోతే కాంక్రీటు చల్లబడేదేముంది?

తెలుగు రాష్ట్రాల రైతులు కూరగాయల నారుకు, పూల సాగుకు వాడే షేడ్‌నెట్ ఈ చర్చలో వినపడదు, చూడటానికి గొప్పగా ఉండదు కాబట్టి. కానీ స్థానిక మొక్కల మీద చేసే పరిశోధనలో చాలా భాగానికి షేడ్‌నెట్, ఎత్తయిన కప్పు, నాలుగు వైపులా గాలి చాలు. నల్లమల మొక్కకు నల్లమల వాతావరణం ఏసీ లేకుండానే దొరుకుతుంది. గాజు గది కావలసింది వేరే ప్రాంతపు మొక్కలకూ, ఉష్ణోగ్రతను కచ్చితంగా అదుపు చేయాల్సిన ప్రయోగాలకూ, పుప్పొడి బయటికి పోకూడని జన్యుమార్పిడి మొక్కలకూ మాత్రమే.

హైదరాబాద్ కూలర్, విశాఖ ఉక్కపోత

ఏప్రిల్‌లో హైదరాబాద్ ఇళ్లలో కూలర్ బాగా పనిచేస్తుంది, విశాఖలో అదే కూలర్ గదిని ఇంకా ఉక్కపోతగా చేస్తుంది. తడి ప్యాడ్, ఫ్యాన్‌తో చల్లబరిచే గ్రీన్‌హౌస్ సరిగ్గా ఇదే సూత్రం మీద నడుస్తుంది. గాలి 40 డిగ్రీల వేడిగా, తేమ 25 శాతంగా ఉంటే మంచి ప్యాడ్ దాన్ని 27, 28 డిగ్రీలకు దించగలదు. గాలి 34 డిగ్రీలే అయినా తేమ 75 శాతం ఉంటే 31 దగ్గర ఆగిపోతుంది. ఒకచోట 12 డిగ్రీల లాభం, ఇంకోచోట మూడు. అంతేకాదు, హైదరాబాద్‌లో కూడా జులై వస్తే లెక్క విశాఖ వైపు జరుగుతుంది. కాబట్టి ఇక్కడి గ్రీన్‌హౌస్‌కు రెండు బుద్ధులు ఉండాలి: ఎండాకాలంలో తలుపులు మూసి ప్యాడ్‌తో చల్లబరచాలి, వానాకాలంలో అన్నీ తెరిచి గాలినే నమ్ముకోవాలి. తెరుచుకోని గాజు గోడలతో కట్టేస్తే ఈ రెండో దారి మూసుకుపోతుంది.

మూసిన గ్రీన్‌హౌస్‌లో ఏసీ పెట్టినప్పుడు ఇంకో దొంగ ఖర్చు మొదలవుతుంది. మొక్క వేళ్లతో పీల్చిన నీళ్లను ఆకులతో గాలిలోకి వదులుతుంది. కిటికీలు తెరిచి ఉంటే ఆ ఆవిరి వేడిని మోసుకుని బయటికి పోతుంది, అది ఉచిత చల్లదనం. మూసి ఉంటే ఆ ఆవిరిని ఏసీ మళ్లీ నీటిగా మార్చి బయటికి తోడాలి. ఒక లీటరు ఆవిరిని నీరుగా మార్చడానికి లాగేయాల్సిన వేడి 0.67 యూనిట్లు. ఆ పనికి మంచి ఏసీ కూడా 0.2 యూనిట్లకు పైగా కరెంటు తీసుకుంటుంది. రోజుకు వెయ్యి లీటర్ల నీళ్లు పెట్టే గ్రీన్‌హౌస్‌లో ఆ నీళ్లలో చాలా భాగం ఆకుల గుండా ఏసీ మీద పడుతుంది. మొక్కలకు పోసిన నీళ్లకు కరెంటు బిల్లు కట్టినట్టు.

కృత్రిమ వెలుతురుతో నడిచే గ్రోత్ ఛాంబర్‌లదీ ఇదే దారి. దీపం తిన్న ప్రతి యూనిట్ కరెంటూ చివరికి వేడిగా మారుతుంది, ఆ వేడిని తీయడానికి ఇంకో మూడో వంతు యూనిట్ ఖర్చు. పాత సోడియం, ట్యూబ్ దీపాలకు బదులు ఎల్‌ఈడీలు పెడితే ఆదా రెండు వైపులా వస్తుందన్నది అందుకే.

విత్తనం: చలి కన్నా ఎండబెట్టడమే చౌక

విత్తనం ఎంతకాలం బతుకుతుందన్నదానికి హారింగ్టన్ సూత్రం అని ఒక పాత లెక్క ఉంది. విత్తనంలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపవుతుంది. నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినా రెట్టింపవుతుంది. ఒక పరిధిలోనే నిజమైన ముతక లెక్క ఇది. అయినా చాలా చెబుతుంది. 12 శాతం తేమ ఉన్న గింజను 7 శాతానికి ఆరబెడితే ఆయుష్షు 32 రెట్లు. 30 డిగ్రీల గదిని 5 డిగ్రీలకు చల్లబరిచినా 32 రెట్లే. మొదటిది ఒక్కసారి చేసి గాలి చొరబడని అల్యూమినియం ప్యాకెట్‌లో మూస్తే అయిపోయింది. రెండోదానికి ఏళ్ల తరబడి, రాత్రీ పగలూ కరెంటు కావాలి. గింజ పంటికింద కటుక్కుమనేదాకా ఎండబెట్టి, ఆ తర్వాతే గాదెలో పోసిన రైతుకు ఈ వరస కొత్త కాదు.

అందుకే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రమాణాలు ముందు 10 నుంచి 25 శాతం తేమ ఉన్న చల్లటి గాలిలో విత్తనాలు ఆరబెట్టమంటాయి, ఆ తర్వాత మైనస్ 18 డిగ్రీల దగ్గర దాచమంటాయి. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) జీన్ బ్యాంక్‌లో, అంటే విత్తన నిధిలో, జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు 1,20,000కు పైగా ఉన్నాయి. తరచూ ఇచ్చిపుచ్చుకునే విత్తనాలను 4 డిగ్రీల గదిలో, దీర్ఘకాలం దాచేవాటిని మైనస్ 20 డిగ్రీల గదిలో ఉంచుతారు. అన్నింటినీ మైనస్ 20కి తోయకుండా ఇలా రెండు అంచెలు పెట్టడం కూడా శక్తి పొదుపే. రోజూ తలుపు తీసే గది 4 డిగ్రీల్లో ఉంటే, ఎప్పుడో ఒకసారి తీసే గదే గడ్డకట్టే చలిలో ఉంటుంది.

ఇక్రిశాట్ విత్తనాల నకళ్లు నార్వేలోని స్వాల్‌బార్డ్ భూగర్భ విత్తన కోశంలోనూ ఉన్నాయి. 2008లో తెరిచిన ఆ కోశం చుట్టూ ఎప్పుడూ గడ్డకట్టి ఉండే నేల. కరెంటు పోయినా లోపల సున్నాకు పైకి రావడానికి చాలాకాలం పడుతుందన్నది దాని ధీమా. 2016 అక్టోబరులో అనూహ్యంగా పడిన వానకు, కరిగిన మంచుకు నీళ్లు ప్రవేశ సొరంగంలోకి చేరాయి. విత్తనాల దాకా రాలేదు, కానీ సొరంగాన్ని మళ్లీ కట్టాల్సి వచ్చింది. ప్రకృతే చల్లబరుస్తుందని నమ్మి కట్టిన భవనానికి ఆ ప్రకృతే మారిపోతే ఏమవుతుందో అక్కడ తెలిసింది.

ఆరబెట్టడం అన్ని విత్తనాలకూ పనికిరాదని కూడా చెప్పుకోవాలి. మామిడి, పనస, రబ్బరు గింజలు ఎండితే చచ్చిపోతాయి. వాటిని చెట్లుగానే తోటల్లో కాపాడాలి, లేదా పిండాన్ని తీసి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో పెట్టాలి. తోట అయితే శీతల గది అక్కర్లేదు, భూమి కావాలి. ద్రవ నత్రజని అయితే భూమి అక్కర్లేదు, ఎడతెగని సరఫరా కావాలి.

ల్యాబ్ గాలి

కరెంటు ఎక్కువ తినేది గ్రీన్‌హౌసే అనుకుంటారు. చాలా కేంద్రాల్లో అసలు పెద్ద ఖర్చు ల్యాబ్. అమెరికా అంచనాల ప్రకారం ల్యాబ్ భవనం ఆఫీసు కంటే చదరపు అడుగుకు నాలుగైదు రెట్లు ఎక్కువ శక్తి వాడుతుంది. కారణం యంత్రాలు ఒక్కటే కాదు. ల్యాబ్‌లో ఒకసారి పీల్చిన గాలిని తిరిగి వాడకూడదు. గంటకు ఆరుసార్లో అంతకన్నా ఎక్కువసార్లో గదిలోని గాలంతా మారాలి. బయటి 40 డిగ్రీల గాలిని చల్లబరిచి, వానాకాలమైతే దాని తేమ కూడా పిండి, కాసేపు వాడి బయటికి వదిలేయడమే. రసాయనాల ఆవిరిని లాగే ఫ్యూమ్ హుడ్ ఒక్కటి ఏడాదికి సుమారు మూడు అమెరికన్ ఇళ్లకు సరిపడే శక్తిని మింగుతుందని లెక్కగట్టారు.

దీనికి మందు కొంత యంత్రాల్లో, కొంత అలవాట్లలో ఉంది. బయటికి పోయే చల్లగాలి నుంచి చల్లదనాన్ని లోపలికి వచ్చే గాలికి బదిలీ చేసే ఏర్పాటు ఉంది. గాలులు రెండూ కలిసిపోకుండా మధ్యలో నీటి గొట్టాలతో చేయాలి. హుడ్ గాజు షట్టరు దించితే గాలి వేగం దానంతటదే తగ్గే ఏర్పాటు ఇంకోటి. ఈ రెండోది పనిచేయాలంటే పని అయ్యాక ఎవరో ఒకరు షట్టరు దించాలి. ఆ పని చేయించే డిజైన్ ఇంకా రాలేదు!

నీళ్లు: వాన ఎంతన్నది కాదు, ఎప్పుడన్నది

పిట్స్‌బర్గ్‌లో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన, హైదరాబాద్‌లో సుమారు 800. చూడటానికి పెద్ద తేడా కాదు. కానీ అక్కడ ప్రతి నెలా కాస్త కాస్త పడుతుంది. ఇక్కడ నాలుగింట మూడొంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి ఆరు లక్షల లీటర్లకు పైనే పట్టుకోవచ్చు. పిట్స్‌బర్గ్‌లో వాటిని కొన్ని వారాలు దాచే తొట్టి చాలు, ఇక్కడ ఎనిమిది నెలలు దాచాలి. భవనం కింద అంత సంపు కట్టడమంటే సిమెంటు, స్టీలు, ఖర్చు అన్నీ పెరుగుతాయి. ఆ సిమెంటు వల్ల వచ్చే కార్బన్‌నూ లెక్కలోకి తీసుకోవాలి.

అయినా వాననీటికి ఇక్కడ ఒక అదనపు విలువ ఉంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆర్కిడ్లకు, టిష్యూ కల్చర్‌కు (సీసాల్లో కణజాలం నుంచి మొక్కలు పెంచే పద్ధతికి) ఆర్‌ఓ పెట్టాల్సిందే. ఆర్‌ఓ చేస్తే కొంత నీరు ఉప్పునీరుగా వృథా పోతుంది. వాననీరు మొదటి నుంచీ మెత్తని నీరే. కాబట్టి దాచగలిగిన కాస్త వాననీటినీ టాయిలెట్లకు కాక సున్నితమైన మొక్కలకు కేటాయించడం మేలు. టాయిలెట్లకు శుద్ధి చేసిన మురుగునీరు చాలు. గ్రీన్‌హౌస్ నుంచి కారిన నీళ్లను మాత్రం ఆలోచించకుండా తిప్పి వాడకూడదు. ఒక కుండీలోని వేరుకుళ్లు బూజు ఆ నీళ్లతో అన్ని కుండీలకూ పాకుతుంది. తిప్పి వాడే ముందు యూవీ వడపోత తప్పదు. జన్యుమార్పిడి మొక్కలున్న గదుల నుంచి వచ్చే వ్యర్థాలనైతే ఆవిరితో క్రిమిరహితం చేశాకే బయటికి వదలాలి. పొదుపు, భద్రత ఎదురెదురు నిలబడే చోటు ఇది. ఇక్కడ భద్రతే గెలవాలి.

సర్టిఫికెట్ దేన్ని కొలుస్తుంది

హైదరాబాద్‌కు ఈ రంగంలో పాత అనుబంధం ఉంది. కొత్తగూడ దగ్గరి సీఐఐ (భారత పరిశ్రమల సమాఖ్య) సోహ్రాబ్‌జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2003లో అమెరికా బయట లీడ్ (అమెరికాలో పుట్టిన గ్రీన్ భవనాల రేటింగ్) ప్లాటినం రేటింగ్ పొందిన తొలి భవనమైంది. 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. 69 పాయింట్లకు 56 వచ్చాయి. నడుమ వాకిలి, జాలీ గోడలు, గాలిని చల్లబరిచే రెండు గోపురాలు, కప్పు మీద తోట, వేళ్లతో మురుగును శుద్ధి చేసే మడి అందులో ఉన్నాయి. విస్తీర్ణం సుమారు 20,000 చదరపు అడుగులు, పిట్స్‌బర్గ్ భవనానికి దగ్గర. రెండూ ఎక్కువగా ఆఫీసు తరహా వాడకమే. వేడి ప్రాంతానికి తగిన ఉపాయాలు చూడాలంటే పిట్స్‌బర్గ్ కన్నా ఇదే దగ్గరి నమూనా.

లీడ్ రేటింగ్‌లో పాయింట్లు చాలావరకు డిజైన్‌ను, కంప్యూటర్ లెక్కలను చూసి ఇస్తారు. 2006లో మొదలైన లివింగ్ బిల్డింగ్ ఛాలెంజ్ అనే ఇంకో గుర్తింపు అలా కాదు. భవనంలోకి జనం వచ్చి, 12 నెలలు వరసగా నడిచాక, మీటర్ల అసలు రీడింగ్ చూసి ఇస్తారు. ఫిప్స్ భవనం తెరిచింది 2012లో, ఆ గుర్తింపు వచ్చింది 2015లో. ప్రారంభోత్సవం రోజునే వేదిక మీద చూపే సర్టిఫికెట్, మూడేళ్లకు వచ్చే సర్టిఫికెట్ ఒకే విషయాన్ని చెప్పవు.

మన దగ్గర ఏం మారవచ్చు

కొత్త కేంద్రాల కన్నా, ఇప్పటికే ఉన్న విశ్వవిద్యాలయ హెర్బేరియాలు, వ్యవసాయ పరిశోధన కేంద్రాల శీతల గదుల్లోనే వెంటనే ఆదా చేసే వీలుంది. స్లాబ్ మీద వేడి వెనక్కి కొట్టే తెల్ల పూత, హెర్బేరియాన్ని కింది అంతస్తుకు మార్చడం, దీపాల మార్పిడి. వీటికి కొత్త భూమి గానీ విదేశీ కన్సల్టెంట్ గానీ అక్కర్లేదు.

కరెంటు ధరలు కూడా డిజైన్‌ను మార్చే వీలుంది. ఎండ కాసే గంటల్లో ధర కనీసం 20 శాతం తక్కువ ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2023లో నిబంధన తెచ్చింది, ముందు వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు, తర్వాత వ్యవసాయం మినహా మిగతావారికి. పరిశోధన సంస్థలకు అది ఏ మేరకు అందుతుందన్నది రాష్ట్ర టారిఫ్‌ను బట్టి ఉంటుంది. అందితే విత్తనాల గది ఒక బ్యాటరీలా పనికొస్తుంది. మైనస్ 18కి మూడు డిగ్రీలు అటూ ఇటూ ప్రమాణాలు అనుమతిస్తాయి కాబట్టి, మధ్యాహ్నం చౌక కరెంటుతో మైనస్ 20 దాకా చల్లబరిచి, సాయంత్రం ధర ఎక్కువున్న గంటల్లో యంత్రం ఆపి, మైనస్ 17 దాకా పోనివ్వవచ్చు. మందంగా ఇన్సులేషన్ ఉంటేనే ఇది సాధ్యం. మూసిన గ్రోత్ ఛాంబర్‌లోని మొక్కకు పగలు ఎప్పుడన్నది స్విచ్ చేతిలో ఉంది కాబట్టి దాని పగటిని కూడా సోలార్ గంటలకు జరపవచ్చు.

ఇవన్నీ చేయాలన్నా, చేసినవి ఫలించాయో లేదో చూడాలన్నా గ్రీన్‌హౌస్‌కు, ల్యాబ్‌కు, హెర్బేరియానికి, శీతల గదికి వేర్వేరు మీటర్లు ఉండాలి. భవనమంతటికీ ఒకే మీటరుంటే ఏ గది ఎంత తిన్నదో ఇంజినీర్‌కు కూడా తెలియదు. టెండరు పత్రంలో సబ్‌మీటర్ల ఖర్చు చిన్న మొత్తం. కట్టడం పూర్తయ్యాక చేర్చాలంటే ప్యానెల్ బోర్డులు విప్పి, గదుల వారీగా వైరింగ్ మళ్లీ లాగాల్సి వస్తుంది.